జవాబు చెప్పే కుర్చీ

2021 నవంబరులో జెమినీ టీవీ ‘ఎవరు మీలో కోటీశ్వరులు’ కార్యక్రమంలో కోటి రూపాయల ప్రశ్న ఒకటి అడిగారు. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణకి దారితీసిన కమిషన్‌కి అధ్యక్షుడెవరు అని. తెర మీద నాలుగు పేర్లు పడ్డాయి. అడుగుతున్నాయన జూనియర్ ఎన్టీఆర్. జవాబు చెప్పాల్సినాయన రాజా రవీంద్ర అనే పోలీసు సబిన్‌స్పెక్టరు, కొత్తగూడెం వైపు మనిషి. ఆయన తొందరపడలేదు. చేతిలో మిగిలివున్న ‘ఫిఫ్టీ ఫిఫ్టీ’ వాడుకుని రెండు పేర్లు చెరిపించేసుకుని, ఫజల్ అలీ అన్నారు. కోటీ ఆయనదే అయింది. ఈ ఆట తెలుగులో మొదలైన ఏడేళ్ళకి దొరికిన మొదటి కోటీశ్వరుడాయన.

మర్నాడు అందరూ కోటి గురించే మాట్లాడుకున్నారు. ఆయన ఆ డబ్బేం చేస్తాడు, పన్నెంత పోతుంది, ఇల్లు కడతాడా అని. నేను మాత్రం ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్ని, బుద్ధి ఎక్కడికి పోతుంది! ఫజల్ అలీ కమిషన్‌ని 1953 డిసెంబరులో వేశారు. కుంజ్రూ, పణిక్కర్ మిగతా ఇద్దరు సభ్యులు. 1955లో వాళ్ళిచ్చిన నివేదికలో, హైదరాబాదు రాష్ట్రాన్ని తొందరపడి ఆంధ్రలో కలపొద్దు, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికలయ్యాక అక్కడి శాసనసభలో మూడింట రెండు వంతులమంది సరేనంటే అప్పుడు కలుపుకోండి అన్నారు. అంతకాలం ఆగే ఓపిక ఎవరికీ లేకపోయింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ వచ్చేసింది. ఆ కలిసినది మళ్ళీ 2014 జూన్ 2న రెండయింది.

ఇప్పుడు చూడండి తమాషా. మా టీవీలో నాగార్జున ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ మొదలుపెట్టింది 2014 జూన్ 9న. అంటే రాష్ట్రం రెండయిన సరిగ్గా వారానికి! ఆస్తులూ అప్పులూ, నీళ్ళూ వుద్యోగాలూ పంచుకుంటూ తగువులాడుకుంటున్న రెండు రాష్ట్రాలవాళ్ళూ రాత్రి భోజనాల వేళకి ఒకే కుర్చీకేసి చూస్తూ కూర్చున్నారన్నమాట. ఏడేళ్ళ తర్వాత అదే ఆటలో ఓ తెలంగాణ మనిషి, రాష్ట్రాలు ఎలా ఏర్పడ్డాయన్న ప్రశ్నకి జవాబు చెప్పి కోటి గెలిచాడు. ప్రశ్న తయారుచేసినవాళ్ళకి ఈ సంగతి తట్టిందో లేదో గాని, నేను నవల్లో ఇలా రాస్తే మరీ అతిగా వుందని ఎడిటరుగారు కొట్టేసేవారు.

ఈ రకం జ్ఞానానికి ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరు ట్రివియా. పనికిమాలిన చిల్లర సంగతులని అర్థం. లాటిన్‌లో మూడు దారులు కలిసే చోటని దాని మూలార్థంట. మూడు దారులు కలిసేచోట జనం నిలబడి ఏం మాట్లాడుకుంటారో మా ఉయ్యూరు సెంటర్లో పది నిమిషాలు బస్సుకోసం నిలబడితే తెలిసిపోతుంది. బందరు నించి వచ్చే బస్సూ, బెజవాడ నించి వచ్చే బస్సూ, సీజన్లో పంచదార ఫ్యాక్టరీకి చెరకు లోడుతో పోయే ట్రాక్టర్లూ — వాటి మధ్య నిలబడినవాళ్ళకి ఎవరి పెళ్ళెప్పుడైందో, ఏ మంత్రి ఏ సంవత్సరంలో వచ్చి ఏ రాయి వేశాడో అన్నీ తెలుసు. అది చిల్లరే కావచ్చు. ఆ చిల్లరకే కోటి రూపాయల నోటిస్తామని ఎవరో అన్నప్పుడు మాత్రం, అసలు ఆ చిల్లర ఎవరి కొంగున ముడేసి వుందో వెతకాలి కదా!

డబ్బాశ చూపించి తెలివిని తెరకెక్కించే ఈ వ్యాపారం అమెరికాలో 1955 జూన్‌లో గట్టిగా మొదలయింది. 64 వేల డాలర్ల ప్రశ్న అని ఆ కార్యక్రమం పేరే అది. డబ్బు పెట్టింది రెవ్లాన్ కంపెనీ. లిప్‌స్టిక్కులు అమ్ముకోడానికన్నమాట. చూసేవాళ్ళలో, కొనేవాళ్ళలో ఆడవాళ్ళు ముఖ్యం. అయితే కుర్చీలో కూర్చున్నవాళ్ళలో ఆడవాళ్ళెందరు? అక్కడికే వస్తున్నాను.

ఆ ఏడే జాయిస్ బ్రదర్స్ అనే ఒకావిడ ఆ కుర్చీకి దరఖాస్తు పెట్టింది. మనస్తత్వశాస్త్రంలో డాక్టరేట్ చేసిన మనిషి. చంటిపిల్ల పుట్టిందని వుద్యోగం మానేసి ఇంట్లో వుంది. భర్త అప్పుడే వైద్యంలో శిక్షణలో వున్నాడు, జీతం అంతంతమాత్రం. ఏ విషయంలో పోటీ చేస్తావని అడిగితే మనస్తత్వశాస్త్రమో గృహశాస్త్రమో అంటే వాళ్ళకి రుచించదు. ఆడది, అందులోనూ సన్నగా చిన్నగా వుండే ఆడది, బాక్సింగ్ గురించి చెబితే చూడ్డానికి వింతగా వుంటుంది. సరే బాక్సింగే అంది. ఇరవై సంపుటాల బాక్సింగ్ విజ్ఞానసర్వస్వం ఇంట్లో పెట్టుకుని బట్టీ పట్టేసింది. ఒక్కో వారం ఒక్కో మెట్టెక్కుతుంటే కార్యక్రమంవాళ్ళకే కంగారు పుట్టి, ఈవిడ పడిపోయేలా మరీ గడ్డు ప్రశ్నలు వెతికారంటారు. ఆవిడ పడలేదు. 64 వేల డాలర్లూ పట్టుకుని ఇంటికెళ్ళింది. ఆ ఆటలో పై మెట్టు దాకా వెళ్ళిన ఆడమనిషి ఆవిడొక్కతే. తర్వాత టీవీలోనూ పత్రికల్లోనూ జనం అడిగిన సంసారపు చిక్కులకి సలహాలు చెబుతూ జీవితమంతా గడిపింది. అసలు చదివిన చదువుతో జనం ముందుకు రావడానికి, చదవని బాక్సింగు తలుపు తియ్యాల్సి వచ్చింది!

ఆ తర్వాత నాలుగేళ్ళకి ఆ వ్యాపారం గుట్టంతా రట్టయింది. ‘ట్వంటీ వన్’ అనే మరో ఆటలో చార్లెస్ వాన్ డోరెన్ అనే కాలేజీ పంతులుగారు వారాల తరబడి గెలిచి దేశానికి ముద్దుబిడ్డ అయ్యాడు. ఆయనకి ప్రశ్నలూ జవాబులూ ముందే చెప్పేవారట. ఆయన కన్నా ముందు గెలుస్తున్న స్టెంపెల్ అనే అతన్ని, తనకి బాగా తెలిసిన సినిమా పేరే తప్పు చెప్పి ఓడిపొమ్మని పురమాయించారు. 1959 నవంబరులో వాన్ డోరెన్ అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు నిలబడి అంతా నిజమేనని ఒప్పుకున్నాడు. మరుసటేడు ఇలాంటి ఆటల్లో మోసాన్ని నేరంగా చేస్తూ చట్టం తెచ్చారు. వాన్ డోరెన్‌ని ఓడించింది కూడా వివియన్ నియరింగ్ అనే ఓ లాయరమ్మే గాని, కథ చెప్పేవాళ్ళు ఆవిడ పేరు దగ్గర మాత్రం ఎందుకో గొంతు తగ్గిస్తారు. జాయిస్ బ్రదర్స్ సంగతి కూడా కమిటీవాళ్ళు తవ్వి చూశారు. ఆవిడ దగ్గర మోసం కనిపించలేదు. ఇరవై సంపుటాలూ చదివినదే నిజం.

ఇప్పుడు మనం చూస్తున్న ఆట మాత్రం 1998 సెప్టెంబరులో ఇంగ్లండులో పుట్టింది. నాలుగు జవాబుల పద్ధతి, స్నేహితుడికి ఫోను, ప్రేక్షకుల సలహా అన్నీ అక్కడివే. దాన్ని కట్టినవాళ్ళు గట్టివాళ్ళు సుమండీ. ప్రశ్న ప్రశ్నకీ వెనక సంగీతం అరస్వరం చొప్పున పైకి జరుగుతుంది. మనకి తెలియదు, గుండెకి తెలుస్తుంది. దీపాలు తగ్గి, వెలుగంతా ఆ కుర్చీ మీదకి దిగుతుంది. మనింట్లో పప్పు కలుపుకుంటూ అలవోకగా చెప్పేసే జవాబు అక్కడ నోటికి రాకపోవడంలో ఆశ్చర్యం లేదు. అక్కడ పరీక్ష తెలివికి కాదు, తెలిసినదాన్ని నలుగురి ముందూ నాదే అని చెప్పగలగడానికి. 2000 నవంబరులో ఇంగ్లండులో మొట్టమొదట పది లక్షల పౌన్లు గెలిచింది జూడిత్ కెపెల్ అనే తోటలు తీర్చిదిద్దే ఆవిడ. అడిగింది చరిత్ర ప్రశ్నే — ఎలినార్ రాణి భర్త ఏ రాజు అని. రెండో హెన్రీ అని చెప్పింది. ఆ రాజుని ఆయన భార్య ద్వారా గుర్తుపట్టమనడం నాకెంతో బావుంది. మన చరిత్ర పుస్తకాల్లో ఎప్పుడూ తిరకాసుగా వుంటుంది కదా ఆ పని!

మన దేశానికొస్తే, పద్ధతిగా జరిగిన మొదటి క్విజ్ 1967లో కలకత్తాలో నీల్ ఓబ్రియన్ నడిపినదని చెబుతారు. 1972 నించి రేడియోలో బోర్న్‌విటా పోటీ, 1985లో దూరదర్శన్‌లో సిద్ధార్థ బసు ‘క్విజ్ టైమ్’. అన్నీ ఇంగ్లీషే. చక్కటి ఇస్త్రీ చొక్కాల కాలేజీ కుర్రాళ్ళు గడగడా జవాబులు చెబుతుంటే మా పెద్దవాళ్ళు పిల్లలకి చూపించి, “చూడండ్రా, వాళ్ళలా చదవాలి” అనేవారు. చూడ్డం వరకే. మా ఉయ్యూరు నించి ఆ బల్ల దగ్గరకి దారి లేదు. ఆ దారి 2000 జూలై 3న పడింది. అమితాబ్ బచ్చన్ కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. చేతిలో ఫోనుంటే చాలు. కాలేజీ టీము అక్కర్లేదు, ఇంగ్లీషు అక్కర్లేదు. ఆ ఆటని తయారుచేసింది కూడా ఆ పాత సిద్ధార్థ బసే కావడం విశేషం.

దారి లేదన్నాను గాని, జవాబు చెప్పే కుర్చీ మనకి కొత్తదేం కాదు. అష్టావధానమంటే ఏమిటి మరి? ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. ఒకాయన సమస్య ఇస్తాడు. ఒకాయన నాలుగు అడ్డమైన మాటలిచ్చి వాటితో పద్యం చెప్పమంటాడు. మరొకాయన అక్షరమక్షరానికీ ఇది వాడొద్దని అడ్డం పడతాడు. ఒకాయన వుండుండి గంట కొడతాడు, మొత్తం ఎన్ని కొట్టాడో చివర లెక్క చెప్పాలి. వీళ్ళు చాలనట్టు అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన, “అవధానిగారూ, మీ ఇంట్లో ఇవాళ ఏం కూర?” అంటూ మధ్యలో దూరతాడు. ఈ కుర్చీకి లైఫ్‌లైన్లు లేవు. తిరుపతి వేంకట కవులు సంస్థానాలన్నీ తిరిగి ఈ విద్యకి దండోరా వేశారు. వారిలో చెళ్ళపిళ్ళవారు మా బందరు హిందూ హైస్కూల్లో పాఠం చెప్పారు, విశ్వనాథ సత్యనారాయణగారు ఆయన శిష్యులే. కృష్ణాజిల్లావాడికి ప్రశ్నంటే ఎందుకంత సరదా అంటే ఇదో కారణమేమో.

అయితే మా చిన్నప్పుడు అవధానమంటే మగవాళ్ళ వేదికే. ఆడవాళ్ళు ముందు వరసలో కూర్చుని వినేవారు. ఆడవాళ్ళ ప్రశ్నలు వేరే దారిన పోయేవి. విజయవాడ రేడియోలో ఉషశ్రీగారి ‘ధర్మసందేహాలు’ వస్తుంటే మా అమ్మ వంటింటి పని అంతా ఆపి వినేదట. వుత్తరం రాసినవాళ్ళు సందేహం అడుగుతారు, ఆయన గంభీరంగా తీరుస్తారు. మనం అడగాలి, పెద్దలు చెప్పాలి. ఆ లెక్క మార్చిన మనిషి మాలతీ చందూర్‌గారు. నూజివీడులో పుట్టిన మనిషి, మద్రాసులో కూర్చుని, 1952లో ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ మొదలుపెట్టి నలభై ఏళ్ళకి పైగా తెలుగు ఆడవాళ్ళడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పారు. ఆవకాయ బూజు పడితే ఏం చెయ్యాలి దగ్గర నించి అంతరిక్షంలోకి వెళ్ళిన మొదటి మహిళ ఎవరు దాకా! పెద్ద పెద్ద డిగ్రీలేం లేకుండానే. ఏ హాట్ సీటూ అంతకాలం ఒకరికింద వుండలేదు. కోటి మాట అటుంచి, వారానికో పేజీ, పారితోషికం మనియార్డరు. ఆవిడ 2013లో పోయారు. ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ మరుసటేడు వచ్చింది.

టీవీ వచ్చాక ఆడవాళ్ళకోసం ప్రత్యేకంగా ఆటలు వచ్చాయనుకోండి. ఈటీవీలో సుమ నడిపిన ‘స్టార్ మహిళ’ ఏళ్ళ తరబడి మధ్యాహ్నాల్ని ఏలింది. బంతులెయ్యడం, గ్లాసులు పేర్చడం, పాటలు గుర్తుపట్టడం, గెలిస్తే చీరా సారే. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళంటే నాకు గిట్టదు. ఆ గంటసేపు ఇల్లు వదిలి స్టూడియోకి వచ్చి గట్టిగా నవ్విన వాళ్ళెంతమందో! కాని తెలివికి కోటీ, ఆడవాళ్ళకి ఆటా అని మధ్యాహ్నానికీ రాత్రికీ మధ్య గీత గీసినట్టు మాత్రం నాకు అనిపించేది.

ఆ గీతని చెరిపినవాళ్ళు అటు హిందీ ఆటలో వున్నారు. 2010లో జార్ఖండ్ గిరిడీ నించి వచ్చిన రాహత్ తస్లీమ్ అనే గృహిణి కోటి గెలిచింది. ఆ ఆటలో ఆడవాళ్ళలో ఆవిడే మొదలు. 2013లో సున్మీత్ కౌర్ సాహ్నీ 5 కోట్లు పట్టుకెళ్ళింది. వీళ్ళందరిలోకీ నాకు మరపురానిది బబితా తాడే. మహారాష్ట్రలో అమరావతి జిల్లా మనిషి, బళ్ళో మధ్యాహ్న భోజనం వండే ఆవిడ. నాలుగు వందల యాభైమంది పిల్లలకి కిచిడీ వండితే నెలకి 1,500 రూపాయలు. 2019లో కోటి ప్రశ్నకి చేరింది. 1857 తిరుగుబాటు గురించి రాసిన జహీర్ దెహల్వీ ఏ మొగలాయి చక్రవర్తి కొలువులో వుండేవాడు అని. బహదూర్ షా జఫర్ అని చెప్పింది. నెలకి పదిహేను వందలకి గరిటె తిప్పే మనిషికి ఆ పేరెలా తెలుసు అని దేశం నోరు వెళ్ళబెట్టింది. నాకు ఆ ఆశ్చర్యం మీదే ఆశ్చర్యం. గరిటె తిప్పుతుంటే బుర్ర ఖాళీగా వుంటుందని ఎవరు చెప్పారు వీళ్ళకి? గెలిచి ఏం కొనుక్కుంటావంటే, ఇంట్లో అందరికీ కలిపి ఒకటే ఫోనుంది, నాకోటి కావాలందట.

డబ్బు సంగతి కూడా ఓ మాట. ఇలాంటి గెలుపు మీద ముప్ఫై శాతం పన్ను, దాని మీద సర్‌చార్జీ, సెస్సు. కోటిలో దాదాపు మూడోవంతు చేతికి రాకముందే వెళ్ళిపోతుంది. చేతికొచ్చినదీ అందరికీ అచ్చిరాలేదు. 2011లో 5 కోట్లు గెలిచిన బీహారు కుర్రాడు సుశీల్ కుమార్, ఆ గెలుపు తర్వాత రోజులే తన జీవితంలో అన్నిటికన్నా చెడ్డవని తనే రాసుకున్నాడు. ఆ తర్వాత పరీక్ష రాసి పంతులయ్యాడు. మంచి పని చేశాడు.

ఇక మా అత్తయ్య గురించి చెప్పాలి. మా నాన్నగారి అక్క. పదకొండో క్లాసు ప్యాసయిన వేసవిలోనే పెళ్ళిచేసి ఉయ్యూరు కాపరానికి పంపించారు. కిరాణా కొట్టునించి వచ్చిన పొట్లం కాయితం విప్పి, దులిపి, చదివిగాని పారేసేది కాదు. అలా చదివిన సంగతులు లాంగ్ నోట్సులో రాసుకునేది. పాల లెక్క ఒకవైపు, నదుల పొడవులు ఒకవైపు. చాకలిపద్దు కింద నోబెల్ బహుమతులు. ప్రమదావనం కత్తిరింపులు మైదాపిండితో అంటించి వుండేవి. ఫజల్ అలీ పేరు ఆవిడకి పుస్తకంలోది కాదు. 1956కి ఆవిడకి పదేళ్ళు. ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు బెజవాడ రాజధాని అవుతుందని ఆశపడి, అది కర్నూలుకి పోతే మొహం వేలేసిన పెద్దవాళ్ళు, ఈసారి హైదరాబాదు వస్తుందా రాదా అని అరుగు మీద పేపరు చదువుతూ ఆ పేరు పదే పదే అనేవారట. “ఫజలలీ ఏమంటాడో, ఫజలలీ ఏమంటాడో అని మా తాతయ్య అంటూంటే, ఎవరో చుట్టాలాయన కాబోలనుకున్నానే” అంది నాతో. కోటి రూపాయల జవాబు ఆవిడకి అరుగు మీద దొరికింది.

కొన్నేళ్ళ కిందట ఓ క్విజ్ కార్యక్రమం ఎంపికకి రమ్మని ఆవిడకి ఫోనొచ్చింది. చెప్పాపెట్టకుండా టీవీలో ప్రశ్నకి జవాబు పంపించేసింది కాబోలు. ఇంట్లో పెద్ద సభే జరిగింది. మా బావ, “అమ్మా, నీకివన్నీ ఎందుకే, అక్కడ బి.పి. పెరిగితే?” అన్నాడు. మామయ్యకి బి.పి. భయం లేదు, పరువు భయం. “మొదటి ప్రశ్నకే ఓడిపోయావనుకో, ఉయ్యూరంతా చూస్తుంది. వీరమ్మతల్లి తిరునాళ్ళకి వచ్చిన చుట్టాలందరూ అదే అడుగుతారు” అన్నాడు.

“గెలిస్తే చూడదా ఉయ్యూరు?” అంది అత్తయ్య, చేటలో బియ్యం ఏరుతూ.

మామయ్య దగ్గర దానికి జవాబు లేదు, నాలుగు ఆప్షన్లు ఇచ్చినా వుండేది కాదు.

ఆవిడ వయసు అప్పటికి డెబ్భైకి దగ్గర. నేను తోడు వెళ్ళాను. కంకిపాడు దాటేదాకా మాట్లాడలేదు. పెనమలూరు దగ్గర, “ఏమే, సహాయానికి ఫోను చెయ్యడానికి ముగ్గురి పేర్లు రాయాలంట, నిజమేనా?” అంది. నిజమేనన్నాను. సంచిలోంచి చీటీ తీసి చూపించింది. ముందే రాసుకుంది. ఒకరు ఎదురింటి రిటైరైన లెక్కల టీచరమ్మ, ఒకరు లైబ్రరీలో పరిచయమైనావిడ, మూడో పేరు నాది. మామయ్య పేరు లేదు, బావ పేరూ లేదు. “మామయ్య నొచ్చుకోడూ?” అన్నాను. “ఆయనకి ముప్ఫై సెకన్లు కళ్ళజోడు వెతుక్కోడానికే సరిపోదు” అంది.

బెజవాడలో హాలు నిండా కుర్రాళ్ళే. పోటీ పరీక్షలకి చదివేవాళ్ళు, చేతుల్లో కరెంట్ అఫైర్స్ పుస్తకాలు. చీరలు కట్టుకున్నవాళ్ళం వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. పక్కన కూర్చున్న అబ్బాయి, “మామ్మగారూ, మీరు ఎవర్ని తీసుకొచ్చారు?” అని మర్యాదగానే అడిగాడు. “నన్ను నేనే తీసుకొచ్చుకున్నాను బాబూ, ఇదిగో ఈ పిల్ల తోడొచ్చింది” అంది. కాయితం మీద ఇరవై ప్రశ్నలిచ్చారు. నేను బయట వరండాలో నిలబడ్డాను. కిటికీలోంచి చూస్తే, తల వంచుకుని కొంగు బిగించి రాస్తోంది. పాలు పొంగకుండా కాపలా కాస్తున్నప్పుడు కూడా అదే మొహం.

బయటికొచ్చాక, పద్దెనిమిది వచ్చు అంది. రానివి రెండూ ఆ ఏడు సినిమాల్లో కొత్త హీరోయిన్ల పేర్లు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ పద్దెనిమిదీ మళ్ళీ నాకు అప్పజెప్పింది. ముందు సీట్లో కండక్టరు కూడా వెనక్కి తిరిగి రెండిటికి జవాబు చెప్పాడు. ఒకటి సరైనదే.

తర్వాత మరి పిలుపు రాలేదు. ఆవిడ దాని గురించి ఎత్తలేదు, నోట్సు మాత్రం కొత్తది కొంది. అందులో మొదటి పేజీ కొత్త హీరోయిన్లకిచ్చింది. కొంతకాలానికి టీవీలో మళ్ళీ ఎంపిక ప్రశ్న వేస్తుంటే ఆవిడ పెరట్లో బట్టలు తీస్తోందట. మామయ్య ఆవిడ్ని కేకేసే పని పెట్టుకోకుండా, కళ్ళజోడు దొరికిందన్న ధీమాతో ఆవిడ ఫోను తీసి తనే ‘బి’ నొక్కి పంపించేశాడు. అత్తయ్య దండెం దగ్గర నించే ‘సి’ అని అరిచిందట. అప్పటికే వెళ్ళిపోయింది. ఆ రోజు ఆయనకి సాయంత్రం కాఫీ ఏడు దాటాక వచ్చింది.